అమ్మ పోయాక నాన్న గడప దాటట్లేదు, మళ్ళీ మనుషుల్లో ఎలా పడేయాలండి?

కొబ్బరాకు
ఏప్రిల్ 13, రాత్రి 10:20

అందరికీ నమస్కారం అండి. మాది అంబాజీపేట పక్కన చిన్న ఊరు, నేను హైదరాబాద్‌లో జాబ్. కిందటి కార్తీకంలో అమ్మ పోయింది. నాన్నకి 71. ఇరిగేషన్‌లో లస్కరుగా చేసి రిటైర్ అయ్యారు, తెలీనివాళ్ళకి చెప్తున్నా, లాకుల దగ్గర షట్టర్లు ఎత్తడం దించడం, గట్టు మీద సైకిలేసుకుని తిరగడం, ఎవడన్నా కాలవ నీళ్ళు తన పొలంలోకి మళ్ళించుకోడానికి దొంగ తూము పెడితే వాడితో తగువేసుకోవడం, ముప్పై ఏళ్ళు అదే పని. అలాంటి మనిషి ఇప్పుడు పొద్దున్నే అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుంటే మళ్ళీ రాత్రి అన్నానికే లేవడం. టీవీ పెడతారు, చూడరు, ఊరికే సౌండ్ కోసం. ఎదురింటి పిన్ని పూటకో గిన్నె పంపిస్తోంది, సగం తిని సగం కుక్కకి పెడుతున్నారంట. మొన్న వెళ్ళినప్పుడు చూస్తే సైకిల్ రెండు చక్రాల్లోనూ గాలి లేదు, సీటు మీద సాలెగూడు, అది చూసి నాకెందుకో అమ్మ ఫోటో చూసినప్పటికంటే ఎక్కువ ఏడుపొచ్చింది.

డాక్టర్‌కి చూపించాను. బీపీ కొంచెం ఉంది, సుగర్ లేదు, మనుషుల్లో తిప్పండి చాలు అన్నాడాయన. ఎలా తిప్పుతామండి, ఆయనేమన్నా పెయ్యదూడా తాడు కట్టి తిప్పడానికి. హైదరాబాద్ తీసుకొస్తే పదకొండో రోజున "కిందకి దిగితే ఎవరింటికెళ్ళాలో తెలీట్లేదురా" అని బస్సెక్కేశారు. ఏం చేసినా ఊళ్ళోనే చెయ్యాలి. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

గట్టుమీద_గోపి
ఏప్రిల్ 13, రాత్రి 10:41

ఆయ్, గుళ్ళో భజన సమాజంలో పడేయండి బ్రో. మా పెదనాన్న డిటోనే, పెద్దమ్మ పోయాక తాళాలు చేతికిచ్చాం, ఇప్పుడు శనివారం వస్తే ఆయన్ని ఆపడం మా వల్ల కాదు. గొంతు బాగోదు, అదొక్కటే ఇబ్బంది, అదీ ఊరికి, ఆయనక్కాదు.

పాత_మాస్టారు
ఏప్రిల్ 14, ఉదయం 6:05

బాబూ కొబ్బరాకూ, నీ పోస్టులో ఆ గిన్నె దగ్గర ఆగిపోయాను. నేనూ రెండేళ్ళ క్రితం అదే స్థితిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. మన ప్రాంతంలో అన్నం పెట్టినవాళ్ళ గురించి ఎంతైనా చెప్పుకుంటాం, లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు కాలవని గోదారి పాయ దాటించే అక్విడక్టుకి పెట్టుకున్నాం, ఇప్పుడు బళ్ళో మధ్యాహ్నం భోజనానికీ ఆవిడ పేరే, పెట్టాల్సిందే, అందులో మాటేం లేదు. కానీ రోజూ ఒకరు పంపిన గిన్నెలో తినేవాడికి లోపల ఎంత చిన్నతనంగా ఉంటుందో ఎవరూ చెప్పరు. పాపం పెట్టేవాళ్ళు మంచిమనసుతోనే పెడతారు. ఆ గిన్నె కడిగి తిరిగిచ్చేటప్పుడు అందులో ఏం పెట్టి ఇవ్వాలో తెలీక, ఉత్తిది ఇవ్వడానికి చెయ్యి రాక, రెండ్రోజులు మా వంటింట్లోనే ఉంచేసేవాణ్ణి. మీ నాన్నగారు కుక్కకి పెట్టడం తిండి సయించక కాదేమో, ఆలోచించు.

1996 నవంబరు 6 తుఫాను రాత్రి మా బళ్ళో తలదాచుకున్నవాళ్ళం, పొద్దున చూస్తే కొబ్బరితోటలు అగ్గిపుల్లల్లా పడున్నాయి, కరెంటు ఎన్నాళ్ళకో వచ్చింది. ఆ రోజుల్లో ఒకే పొయ్యి మీద ఊరంతా వండుకున్నాం, ఎవడికి వాడికి ఏదో పని, ముసలాళ్ళు కూడా కొబ్బరి మట్టలు కొట్టి పొయ్యికి పోగేశారు. విచిత్రం చెప్పనా, అంత నష్టంలో కూడా మనుషులు నిబ్బరంగానే ఉన్నారు. కరెంటొచ్చింది, ఎవరిళ్ళకి వాళ్ళెళ్ళారు, అప్పుడు మొదలయ్యాయి దిగుళ్ళు. ఆపదలో కలవడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, ఏ ఆపదా లేని మంగళవారం మధ్యాహ్నం ఎలా కలవాలన్నదే అసలు తిప్పలు.

గట్టుమీద_గోపి
ఏప్రిల్ 14, ఉదయం 7:30

మాస్టారూ పొద్దున్నే ఏడిపించేశారండి. కాపీ రాసుకోమంటారా మళ్ళీ 🙏

సబ్‌సెంటర్_సిస్టర్
ఏప్రిల్ 14, మధ్యాహ్నం 2:15

నేను లంకల వైపు ఆరోగ్య సబ్‌సెంటర్‌లో చేస్తానండి. మాస్టారు గిన్నె గురించి చెప్పింది వంద శాతం కరెక్ట్, దానికి లెక్కలు కూడా ఉన్నాయి. అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో 423 పెద్ద వయసు జంటల్ని ఐదేళ్ళపాటు గమనించి 2003లో ఒక పేపర్ వేశారు. ఎవరి దగ్గరో సాయం పొందినందువల్ల ఆయుష్షు పెరిగినట్టు కనపడలేదు, చుట్టుపక్కలవాళ్ళకి తాము ఏదో ఒక సాయం చేసినవాళ్ళే, చెయ్యనివాళ్ళకంటే ఎక్కువ బతికారని తేలింది. ఆరోగ్యం బాగున్నవాళ్ళే సాయం చెయ్యగలుగుతారు కదా అని మీకు డౌటొస్తుంది, నాకూ వచ్చింది, ఆ తేడాలు లెక్కలోకి తీసుకున్నాక కూడా అదే తేలిందంట. 2010లో ఇంకోటి, 148 స్టడీలు కలిపి చూశారు, మూడు లక్షల పైచిలుకు మనుషులు, బంధాలు గట్టిగా ఉన్నవాళ్ళు ఆ స్టడీ కాలంలో బతికుండే అవకాశం 50 శాతం ఎక్కువ. అలాగని ఒకటి పట్టుకుంటే రెండోది గ్యారంటీగా వస్తుందని కాదండి, మందు బిళ్ళ కాదు ఇది.

మా దగ్గరకి బీపీ బిళ్ళల కోసం వచ్చే మామ్మలు కొందరుంటారు. స్ట్రిప్ ఇంట్లో సగం ఉంటుంది, అయినా వస్తారు. చెయ్యి చాపి బీపీ చూయించుకుంటూ కోడలి సంగతి, గేదె సంగతి చెప్తారు, ఇంకో చెయ్యి కూడా చూడమంటారు, ఎందుకంటే ఇంకో రెండు నిమిషాలు కూర్చోవచ్చు కదా. మొదట్లో విసుక్కునేదాన్ని, తప్పే. ఇప్పుడు వాళ్ళలో ఇద్దరికి క్యూలో పేర్లు పిలిచే పనిచ్చాను. బిళ్ళల కోసం రావడం మానేశారు, పిలవడానికి వస్తున్నారు. ఇంకోటండి, ఇది ముసలాళ్ళ జబ్బే అనుకోకండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 రిపోర్టులో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో ఉన్నారని రాశారు, టీనేజీ పిల్లల్లోనే అది అందరికంటే ఎక్కువంట.

కొబ్బరాకు గారూ, ఒక్కటి మాత్రం చూసుకోండి. నిద్ర పూర్తిగా పోయినా, బరువు తగ్గిపోతున్నా, "ఇంకెందుకు నేను" లాంటి మాటలొస్తున్నా అది మనుషుల్లో తిప్పితే పోయే విషయం కాదు, మళ్ళీ డాక్టర్‌కి చూపించాలి. 14416 టెలీమానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఫ్రీ, ఎప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

కొబ్బరాకు
ఏప్రిల్ 14, రాత్రి 9:50

సిస్టర్ గారూ చాలా థాంక్సండి. ఆ మాటలైతే లేవు, నిద్ర బానే పోతున్నారు, మరీ ఎక్కువ పోతున్నారు. గిన్నె సంగతి నిజంగా నాకు తట్టలేదు మాస్టారూ. ఈ శనివారం వెళ్తున్నా, భజన కూడా ట్రై చేస్తా గోపీ.

మాపేట
ఏప్రిల్ 15, రాత్రి 8:35

అందరూ ఊరు ఊరు అంటున్నారు కాబట్టి ఒక మాట. ఊరంటే ఎవరి ఊరండీ? మా ఊళ్ళో తీర్థం చందా రాసేటప్పుడు మా పేట గుర్తొస్తుంది, కమిటీ పేర్లు రాసేటప్పుడు గుర్తుకురాదు. మా నాన్న చిన్నప్పట్నుంచి ఆ తీర్థానికి పందిరి గుంజలు పాతాడు, ఒక్కసారి కూడా మైకులో ఆయన పేరు చదవలేదు. ఇప్పుడు మీరంతా పదిమందిలో కలిస్తే ఆరోగ్యం అంటున్నారు, నిజమే కావచ్చు, కానీ ఆ పదిమందిలో మనిషిని ఎక్కడ నిలబెడతారన్న దాన్నిబట్టి ఉంటుంది. చివర్లో నిలబెడితే ఇంట్లో కూర్చోడమే మేలు.

గొడవ కోసం రాయట్లేదు. మాకు పనిచేసిందేంటో కూడా చెప్తాను. మా కమ్యూనిటీ హాల్లో సాయంత్రం పిల్లలకి ట్యూషన్ పెట్టాం, డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్న నలుగురం. మొదటి నెల ఆరుగురొచ్చారు, ఇప్పుడు చాప చాలట్లేదు. మాలో ఒకడికి మూడుసార్లు గ్రూప్స్ పోయి మనిషి అయిపోయాడు అనుకున్నాం, వాడు ఇప్పుడు లెక్కలు చెప్తాడు. పిల్లలు రోడ్డు మీద "సార్" అని పిలుస్తుంటే వాడి నడక మారిపోయిందండి, నేను చూశాను కదా.

పాత_మాస్టారు
ఏప్రిల్ 15, రాత్రి 9:20

మాపేట గారూ, మీరన్నది మా తరం చేసిన తప్పు, సమర్థించను. నేను పనిచేసిన ఊళ్ళో కూడా అంతే జరిగేది, బళ్ళో కలిపి కూర్చోబెట్టి బయట విడగొట్టేవాళ్ళం. ట్యూషన్‌కి పుస్తకాలేమన్నా కావాలంటే మెసేజ్ పెట్టండి, నా దగ్గర అట్టపెట్టెల్లో ఉన్నాయి, చెదలు తినేలోపు.

దాళ్వా_రైతు
ఏప్రిల్ 16, మధ్యాహ్నం 1:10

ఇప్పుడే కోతలయ్యి కాస్త ఖాళీ దొరికింది. కొబ్బరాకు తమ్ముడూ మీ నాన్న లస్కరని రాసి మళ్ళీ ఆయనకి ఏం పని చెప్పాలని అడుగుతున్నావేంటయ్యా బాబూ. వేసవిలో నీళ్ళాపి బాగుచేసుకోడానికి కాలవలు కట్టేసే రోజులొచ్చాయి. మా దగ్గర మూడేళ్ళ క్రితం ఇదే టైములో జరిగింది చెప్తా విను.

మా బోదెలో, అదే పిల్లకాలవలో, గుర్రపుడెక్క అనే నీటి కలుపు ఎంత పట్టిందంటే కోడి నడిచి అవతలికెళ్ళిపోయేది. పైనున్నోళ్ళకి నీళ్ళు, శివారు మాది, అంటే కాలవ చివర, మాకు సార్వా (వానాకాలం పంట) ఊడ్పులకి చుక్క రాలేదు. డిపార్ట్‌మెంట్‌కి కాయితాలు పెట్టాం, వస్తారొస్తారు అన్నారు. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది కదా, అంటే రైతుల కాలవ రైతులే చూసుకోవాలని, పేరుకి సంఘం ఉంది, ప్రెసిడెంటున్నాడు, కానీ డెక్క తియ్యాల్సింది చేతులు కదా. ఆఖరికి ఎకరానికి మూడొందలేసుకుని ఒక రోజు పొక్లెయిన్ తెచ్చాం, మిగతాది దిగి చేత్తోనే. కొడవలి కట్టిన గెడలతో లాగి గట్టు మీదకి ఎయ్యడం. లాగుతుంటే వేళ్ళకి పట్టిన బురద, నత్తలు, ఎవడో పారేసిన చెప్పులు, వినాయకుడి చెయ్యి ఒకటి కూడా వచ్చింది. ఒళ్ళంతా దురద.

అసలు సంగతికొస్తా. మా వీధిలో ఒకాయన కొడుకు బండి యాక్సిడెంట్‌లో పోయాడు, ఏడాదైనా ఈయన బయటికి రాలేదు. వాళ్ళావిడ మా ఇంటికొచ్చి "అన్నయ్యా ఆయన్ని కూడా పిలవండి, అయ్యో పాపం అని పిలవకండి, మనిషి తక్కువయ్యాడని పిలవండి" అంది. మేం వెళ్ళి గెడ లాగడానికి కాదు, ఎవడొచ్చాడు ఎవడు రాలేదు రాసేవాడు లేడు, నువ్వు రాయి అన్నాం. నిజంగానే లేడు, అబద్ధం కాదు. పాత నోటుబుక్కు ఒకటిచ్చాం. మొదటిరోజు గట్టు చివర చెట్టుకింద కూర్చుని తలెత్తకుండా రాశాడు. రెండోరోజు రానివాళ్ళ ఇళ్ళకెళ్ళి "నిన్న ఎందుకు రాలేదు" అని అడిగాడు. నాలుగో రోజుకి మా అందరికీ ఆయనంటే భయం పట్టుకుంది. దుఃఖం పోయిందని నేను చెప్పను, ఇప్పటికీ ఆ కుర్రాడి బండి రంగుది ఏదన్నా రోడ్డు మీద కనపడితే ఆగిపోతాడు. కానీ రోడ్డు మీదకైతే వచ్చాడు కదా.

ఒంటరి_కాకరకాయ
ఏప్రిల్ 16, రాత్రి 11:02

నాది వేరే పాయింట్. నేను డివోర్స్ అయ్యి పాలకొల్లు వైపు పుట్టింటికొచ్చాను. మీరు చెప్పే ఈ పదిమంది నాకు నరకం చూపించారు. వాటర్ టిన్ను కోసం వీధి చివరికెళ్తే "ఎప్పుడొచ్చావమ్మా, ఎన్నాళ్ళుంటావు, ఆయన రాలేదా", అన్నీ తెలిసే అడుగుతారు. పేరంటానికి పిలవరు, పిలవలేదన్న సంగతి మాత్రం వచ్చి చెప్తారు. కాబట్టి అందరికీ ఒకటే మందు రాసేయకండి.

నాకు హెల్ప్ అయింది ఏంటంటే పొద్దున్న ఐదున్నరకి కాలవగట్టు మీద నడిచే ఒక ముగ్గురు ఆడాళ్ళు. ఒకావిడ టైలరు, ఒకావిడ అంగన్‌వాడీ, ఇంకొకామె చేపల బుట్ట అమ్ముతుంది. ఎవరూ ఏం అడగలేదు. రెండు నెలల తర్వాత నేనే చెప్పాను. ఊరంతా అక్కర్లేదండి, ముగ్గురు చాలు, కానీ ఆ ముగ్గురు రోజూ రావాలి.

కువైట్_నుంచి_అక్క
ఏప్రిల్ 18, ఉదయం 4:48

డ్యూటీకి ముందు రాస్తున్నా తప్పులుంటే క్షమించండి. నేను రాజోలు సైడు, పదకొండేళ్ళుగా ఇక్కడే ఇంటిపని. కాకరకాయ చెల్లీ నువ్వన్నది నిజం, నన్ను కూడా అన్నారు, గల్ఫ్ వెళ్ళిన ఆడదని. అదే ఊళ్ళో మా అమ్మకి కిందటేడు తుంటి విరిగినప్పుడు డ్వాక్రా గ్రూపు వాళ్ళు పదిమంది వంతులు వేసుకుని రోజుకొకరు చొప్పున వచ్చి స్నానం చేయించారు, కాలవ నీళ్ళకి వంతులవారీ పెడతారు చూడండి అలాగ. నేను డబ్బులు పంపుతానంటే లీడరు తిట్టింది. పొదుపు కోసం పెట్టుకున్న గ్రూపు, నెలకి వందో ఏదో కడతారు, అది ఇలా పనికొస్తుందని ఎవరనుకున్నారు. నన్ను అన్నవాళ్ళలో ఇద్దరు ఆ వంతుల్లో ఉన్నారు. మనుషులు ఒక్కలా ఉండరమ్మా, అదే నోరు అదే చెయ్యి.

ఇక్కడ నాకు శుక్రవారం సెలవు. చర్చి అయ్యాక మన గోదారోళ్ళం ఏడెనిమిది మందిమి కూర్చుంటాం, ఒకరు పచ్చడి ఒకరు పులిహోర. ఆ మూడు గంటల కోసం మిగతా ఆరు రోజులు లాగుతాం. తమ్ముడూ మీ నాన్నకి రోజూ ఫోన్ చేసి తిన్నావా అని అడగొద్దు, ఆయన్ని ఏదన్నా సలహా అడుగు.

కొబ్బరాకు
ఏప్రిల్ 21, రాత్రి 10:15

భజన ఫెయిల్ అండి 😞 పది నిమిషాలు కూర్చుని "తాళం తప్పుతున్నారు" అని లేచొచ్చేశారు. గోపీ, మీ పెదనాన్న ఊరు మాదేనా?

పెద్దాళ్ళ క్లబ్బు ఒకటి ఉంది అక్కడికీ తీసుకెళ్ళా, క్యారమ్స్ బోర్డు, న్యూస్‌పేపర్లు, గోడకి ఫ్యాను. "ఇక్కడ అందరూ టైం అయ్యేదాకా కూర్చున్నారురా" అన్నారు బయటికొచ్చి. నాకు ఏమనాలో తెలీలేదు. దాళ్వా అన్నయ్యా మా ఊరి నీటి సంఘం వాళ్ళ నెంబరు పట్టాను, మాట్లాడతా.

గట్టుమీద_గోపి
ఏప్రిల్ 21, రాత్రి 10:30

😂😂 తాళం తప్పితే అది మా పెదనాన్నే బ్రో, డౌటే లేదు.

పాత_మాస్టారు
ఏప్రిల్ 22, ఉదయం 5:55

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళినవాళ్ళకి తెలుస్తుంది. పదకొండు ఊళ్ళ రుద్రులు ఒకచోట కలుస్తారు, ప్రభలు, అంటే వెదుళ్ళతో కట్టి రంగుబట్టలు చుట్టిన పెద్ద గోపురాల్లాంటివి, ఎత్తుకుని కౌశిక కాలవలో దిగి, పచ్చటి చేలకి అడ్డంపడి తీసుకెళ్తారు, తొక్కినా చేను గలాయన ఏమీ అనడు. 2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన శకటం కూడా అదే. అంత బరువు మోస్తుంటే నీటిలో కాలు ఎక్కడ మోపాలో గట్టు మీంచి కేకేసే ముసలాళ్ళుంటారు చూడండి, మొయ్యలేరు, కానీ కేక వాళ్ళదే. మీ నాన్నగారికి ఆ చోటు వెతకండి. మాపేట గారు అడిగిన ప్రశ్న మాత్రం నేను మర్చిపోలేదు, ఆ కేకెయ్యడానికి ఎవరికి హక్కుంటుందనేది అక్కడా ఉన్నదే.

కొబ్బరాకు
జూన్ 8, రాత్రి 9:05

చాలా రోజులైంది, సారీ. అప్‌డేట్ ఇస్తాను.

నీటి సంఘం వాళ్ళతో మాట్లాడాను, వాళ్ళు సరే చూద్దాం అన్నారు, చూడలేదు. మే మొదట్లో కుర్రాళ్ళు నలుగురు ఉపాధి పనోళ్ళతో కలిసి మా ఇంటి ముందు బోదెలో డెక్క తీస్తున్నారంట. నాన్న అరుగు మీంచి చూస్తూనే ఉన్నారు. వాళ్ళు తీసింది తీసినట్టు తూము నోటి దగ్గరే కుప్ప వేస్తున్నారు. అరగంట ఓపిక పట్టి ఆఖరికి అక్కణ్ణించే అరిచారంట, "ఒరేయ్ నీళ్ళొదిలిన రోజు అదంతా మళ్ళీ తూములోకే పోద్ది, అవతల గట్టుకి ఎయ్యండ్రా" అని. పిన్ని ఫోన్ చేసి చెప్పింది, ఆరు నెలల తర్వాత మీ నాన్న గొంతు విన్నామమ్మా అని. మర్నాడు కుర్రాళ్ళే వచ్చి ఏ షట్టరు ముందెత్తాలి బాబాయ్ అని అడిగారు. నేను చేసిందేం లేదు ఇందులో.

ఇప్పుడు సైకిల్‌కి కొత్త ట్యూబులు. కాలవకి నీళ్ళొదిలారు, శివారుకి అందాయో లేదో చూడ్డానికి పొద్దున్నే వెళ్తున్నారు. పిన్నికి గిన్నె తిరిగిచ్చేటప్పుడు గట్టు మీద కోసిన తోటకూర పెట్టి ఇస్తున్నారంట మాస్టారూ, మీకు చెప్పాలనిపించింది. రాత్రిళ్ళు మాత్రం అదే టీవీ, అదే సౌండ్. అమ్మ మంచం ఇంకా తియ్యనివ్వట్లేదు.

ఇంకో ప్రాబ్లం వచ్చింది. సంఘం ప్రెసిడెంటు గారు నిన్న నాకు ఫోన్ చేసి, మీ నాన్న రోజూ వచ్చి ఎవరి పొలంలో దొంగ తూములున్నాయో పేర్లు చదువుతున్నాడు, అందులో మా బావమరిది పేరు కూడా ఉంది, కొంచెం చెప్పు బాబూ అంటున్నారు. ఏం చెప్పమంటారు?

దాళ్వా_రైతు
జూన్ 8, రాత్రి 9:22

ఏమీ చెప్పకు. నెట్‌వర్క్ లేదను.

సబ్‌సెంటర్_సిస్టర్
జూన్ 8, రాత్రి 9:40

చాలా సంతోషం అండి. రాత్రిళ్ళు అలాగే ఉంటుంది కొన్నాళ్ళు, మంచం సంగతి తొందరపెట్టకండి. ఎండలో గట్టు మీద తిరుగుతున్నారు కాబట్టి మంచినీళ్ళ సీసా, బీపీ మాత్రం నెలకోసారి.

మాపేట
జూన్ 9, ఉదయం 8:10

మంచి వార్త. మాస్టారి పుస్తకాలు చేరాయి, రెండు పెట్టెలు. ఆదివారం ఆయనే వస్తానన్నారు, తెలుగు చెప్తారంట.

ఒంటరి_కాకరకాయ
జూన్ 9, ఉదయం 8:45

ఇంతకీ ఆ తీసిన డెక్కని ఏం చేశారు ఎవరన్నా చెప్పండి, మా గట్టు మీద పెద్ద కుప్ప పడేసి వెళ్ళిపోయారు, నడవడానికి లేదు, వాసన. ఎరువు వేసుకోవచ్చు అంటున్నారు మా టైలరావిడ, నిజమేనా?

దాళ్వా_రైతు
జూన్ 9, ఉదయం 9:00

వేసుకోవచ్చు, ముందు బాగా ఎండనియ్యాలి, పచ్చిది వేస్తే మళ్ళీ లేస్తుంది. దానికి వేరే టాపిక్ ఓపెన్ చెయ్యమ్మా, పేడ కొలతలతో సహా చెప్తా.